నీటిపద్దు తనిఖీ చేసిన రోము అధికారి

పట్టణమున నీటి సరఫరా ఎట్లు సాగుచున్నదని అడిగినచో కార్యాలయములో వెంటనే దస్త్రములు తెరచి చూపుదురు. ఆ దస్త్రములనే శంకించిన అధికారి ఒకడు ప్రాచీన రోములో ఉండెను.

క్రీ. శ. 97లో నెర్వా చక్రవర్తి సెక్స్టస్ జూలియస్ ఫ్రాంటినస్‌ను ఆ నగరపు జలాధికారిగా నియమించెను. అప్పటికి తొమ్మిది కాలువలు నగరమునకు నీరు తెచ్చుచుండెను. నీటిని కొలుచు ప్రమాణము క్వినేరియా. అనగా సుమారు 2.3 సెంటీమీటర్ల వ్యాసము గల గొట్టము నుండి వచ్చు నీరు.

దస్త్రముల ప్రకారము కాలువలలోనికి వచ్చిన నీరు 12,755 క్వినేరియాలు. పంచి పెట్టినది 14,018. కుండలో పది చెంబులు పోసి పదకొండు చెంబులు ముంచినట్లున్నది గదా! ఫ్రాంటినస్ ఊరుకొనక కాలువలు మొదలగు చోట్లకు పోయి కొలిచి చూచెను. మార్సియా కాలువకు దస్త్రములో 2,162 ఉండగా అచ్చట 4,690 తేలినది. మొత్తము మీద వ్రాతలో కంటె సుమారు 10,000 క్వినేరియాలు అధికముగా కనిపించెను.

మరి ఆ నీరంతయు ఏమైనది? కొంత దారిలో కారిపోయినది; కొంత తోటలవారు మళ్లించుకొనిరి. తక్కినది నీటి సిబ్బంది చేతివాటము. వీధుల క్రింద దొంగగొట్టములుండెను. ఒకరి నీటిహక్కు మరొకరికి మారినప్పుడు తొట్టికి క్రొత్త రంధ్రము చేసి, పాతదానిని మూయక, ఆ నీటిని అమ్ముకొనుచుండిరి. (ఈ ఉపాయము పాఠకులకు మరీ వింతగా తోచదనుకొందును.) నేటి పురపాలక ఇంజనీర్లు ఆదాయము రాని నీరని లెక్కించునది ఇట్టి తేడానే.

అయితే ఫ్రాంటినస్ కొలతలో ఒక లోపము కలదు. ఆయన లెక్కించినది ప్రవాహపు అడ్డుకోత వైశాల్యమును మాత్రమే. వేగముగా వచ్చు నీరు అదే గొట్టము నుండి ఎక్కువగా పారునని ఆయన ఎరుగును. దానిని లెక్కలో చేర్చు మార్గము మాత్రము ఎరుగడు. కాలువ మొదట నీరు మెల్లగా, వెడల్పుగా పారి, ముందుకు పోయి ఇరుకున వడిగా పారినదనుకొనుడు. ఒక్క బొట్టు పోకున్నను వైశాల్యము తగ్గును. కొలుచువానికి అది నష్టముగా కనిపించును. వైశాల్యముతోపాటు వేగమును కూడ లెక్కింపవలెనని గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లీ 1628లో తన గ్రంథమున విశదపరచెను.

కనుక ఆ పదివేలలో నిజముగా దొంగిలించిన భాగమెంతయో ఆయన అంకెలనుబట్టి తేల్చలేము. కాని ఫ్రాంటినస్ వద్ద మరియొక సాక్ష్యము కూడ ఉండెను. దొంగగొట్టములను పెకలించి తీయించినప్పుడు బయటపడిన సీసము కొద్దిపాటిది కాదని ఆయనయే వ్రాసినాడు.