ఆరు తప్పుల లెక్క

మస్కట్‌లో గురు, శుక్రవారాలు సెలవులుగా ఉన్న రోజుల సంగతిది. (2013 మేలో అవి శుక్ర, శనివారాలయ్యాయి లెండి.) రూవిలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని పిలిస్తే వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ మన గోదావరి జిల్లా కుర్రాడు.

"అన్నా, మూడు హార్డ్ డిస్కులు మార్చాను. రెండు వారాలు బావుంటాయి, మళ్ళీ మామూలే. పాతవి తెచ్చి కొత్తవని పెడుతున్నానంటున్నారు. జీతంలో కోస్తారట" అన్నాడు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అక్కడక్కడా ఒకటే ఫిర్యాదు: పరికరం గడువులోగా జవాబివ్వలేదని. అది చూస్తే ఎవరైనా డిస్కు పోయిందనే అనుకుంటారు. కానీ ఆ మాట అంటున్నది డిస్కు కాదు, డ్రైవరు. దాని మాట నమ్మేముందు దాని చరిత్ర కాస్త తెలుసుకోవాలి.

1986 ప్రాంతంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ వాళ్ళు ఐడీఈ డిస్కులు తెచ్చినప్పుడు, డేటా అంతా ప్రాసెసరే స్వయంగా మోసేది. బావి నుంచి ఇంటాయనే బిందెలు మోసుకున్నట్టు. దాని పేరు పీఐఓ. ఎంత ఉరుకులు పెట్టినా సెకనుకి 16.6 మెగాబైట్లే. తరవాత డీఎంఏ వచ్చింది. అంటే పంపు వేయించుకున్నట్టన్నమాట: డేటా నేరుగా మెమరీలోకి పోతుంది, ప్రాసెసర్ తన పని తాను చూసుకుంటుంది. అల్ట్రా డీఎంఏతో ఆ వేగం 33, 66, 100కి పెరిగింది. వేగంతో పాటు కేబుల్లో వచ్చే తప్పులూ పెరిగాయి. అందుకే డ్రైవర్ రాసినవాళ్ళు ఒక జాగ్రత్త పెట్టారు: తప్పులు ఎక్కువైతే వేగం తగ్గించెయ్. డేటా పాడవడం కంటే ఆలస్యమే నయం కదా!

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఆ లెక్క ఆరు. టైమవుట్లు గానీ, కేబుల్ తప్పులు గానీ కలిపి ఆరయితే డ్రైవరు ఒక మెట్టు దిగుతుంది. ఇంకా వస్తుంటే దిగి దిగి చివరికి పీఐఓకి చేరుతుంది. చిక్కెక్కడంటే, మధ్యలో లక్షసార్లు సరిగ్గా పనిచేసినా ఆ లెక్క చెరగదు.

మరి ఈ ఆఫీసులో టైమవుట్లు ఎందుకొస్తున్నట్టు? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా విరామం. అందరూ కంప్యూటర్లని నిద్రపుచ్చి ఇంటికెళ్తారు. సాయంత్రం లేపినప్పుడు డిస్కు తిరగడం అందుకునేలోపే ఒక్కోసారి గడువు దాటిపోతోంది. అలా ఒక్కో తప్పే పడుతూ పోయినా కొన్నాళ్ళకి ఆరు దాటుతాయి. కొత్త డిస్కు పెడితే లెక్క మళ్ళీ మొదలు. ఆ కుర్రాడి మీద అనుమానం పుట్టింది సరిగ్గా ఇక్కడే.

డివైస్ మేనేజర్లో ఐడీఈ ఛానల్ తీసేసి రీబూట్ చేస్తే డీఎంఏ తిరిగొచ్చింది. మళ్ళీ జారకుండా, పని సరిగ్గా జరిగినప్పుడల్లా లెక్క సున్నా చేసే రిజిస్ట్రీ సెట్టింగ్ ఒకటి మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, అదీ పెట్టాం. పక్కన పడేసిన మూడు డిస్కులూ పరీక్షిస్తే నిక్షేపంలా ఉన్నాయి! జీతం కోత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమాపణ మాట కూడా ఎత్తలేదనుకోండి.

2004లో ఏహెచ్‌సీఐ వచ్చింది, 2014లో ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది. అయినా విండోస్ లాగ్‌లో 129 నంబరుతో డిస్కు రీసెట్ హెచ్చరికలు ఇప్పటికీ కనిపిస్తాయి. కనిపిస్తే డిస్కుని చెత్తబుట్టలో వేసేముందు కేబులు, డ్రైవరు, కరెంటు పొదుపు సెట్టింగులు ఓసారి చూడండి. డిస్కు మార్చడం కంటే చవక. ఎవరిదైనా జీతం కోసెయ్యడం కంటే మరీనూ.