లోపలి జబ్బు బయటికి పోకూడదని మూసుకున్న ఊరు

2020 లాక్‌డౌన్ గుర్తుందా? మన దగ్గర చాలా ఊళ్లలో రోడ్డుకి అడ్డంగా ముళ్లకంప వేసేశారు. బయటి జబ్బు లోపలికి రాకూడదని. ఈరోజు చెప్పబోయే ఊరు దీనికి ఉల్టా. లోపలి జబ్బు బయటికి పోకూడదని తనని తానే మూసేసుకుంది.

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల మధ్య చిన్న పల్లె, పేరు ఈమ్. 1665లో లండన్‌లో ప్లేగు. అక్కడి నుంచి ఈమ్‌లో దర్జీకి బట్టల మూట వచ్చింది. ఆ బట్టల్లో ఎలుకల మీద బతికే చిన్న పురుగులు ఉన్నాయంటారు. మూట విప్పిన పనివాడు జార్జ్ విక్కర్స్ సెప్టెంబర్ మొదట్లోనే చనిపోయాడు.

1666 జూన్‌లో చర్చి ఫాదర్ విలియం మాంపెసన్ ఊరిని మూసేద్దామన్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైల్లోనే, దాదాపు నా వయసు. కొత్తగా వచ్చిన మనిషి, జనం అంతగా నమ్మరు. అందుకే పదవి పోయిన పాత ఫాదర్ థామస్ స్టాన్లీని కలుపుకున్నాడు. ఇద్దరూ చెబితే ఊరు ఒప్పుకుంది.

రూల్స్ సింపుల్. ఎవరూ ఊరు దాటకూడదు. ఎవరి శవాన్ని వాళ్ల ఇంటివాళ్లే పాతిపెట్టాలి. ప్రార్థన చర్చిలో కాదు, ఆరుబయట. సరిహద్దు రాయికి గుంతలు చేసి, వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవాళ్లు. బయటివాళ్లు సరుకులు పెట్టి అవి తీసుకెళ్లేవాళ్లు. దగ్గర్లోని డెవన్‌షైర్ ఎర్ల్ కూడా తిండి పంపాడు.

ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి 8 రోజుల్లో భర్తని, ఆరుగురు పిల్లల్ని తన చేతులతోనే పాతిపెట్టింది. అదే నెలలో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా పోయింది. నవంబర్‌కి ప్లేగు ఆగేసరికి మృతులు 260 మంది అని లెక్క చెబుతారు.

ఇక్కడ ఇంకో విషయం. ఊరు మూయకముందే మాంపెసన్ తన పిల్లల్ని బయటికి పంపేశాడు. పంపడానికి వేరే చోటు లేనివాళ్లు మాత్రం పిల్లలతో సహా అక్కడే ఉన్నారు. అందరూ కలిసి లోపలే ఉండటం వల్ల చావులు పెరిగాయనే వాదన కూడా ఉంది.

అందుకే ఇది ఒక హీరో కథ అంటే నేను ఒప్పుకోను. ఆయన ధైర్యం నిజమే, భార్యని కూడా పోగొట్టుకున్నాడు. కానీ ఎక్కువ మూల్యం కట్టింది హాంకాక్ లాంటి కుటుంబాలు. రేపు మళ్లీ ఇలాంటిది వస్తే, ఊరు మూద్దాం అనేవాళ్లని ముందు ఒకటి అడగాలి: లోపల మిగిలేది ఎవరు, వాళ్లకి తిండి ఎవరు పంపుతారు? మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా.