దుబాసీ పాపయ్య కుట్ర

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1600లో లండనున పుట్టిన వర్తక సంస్థ. అట్టి సంస్థకు ద్రోహము పరరాజుల గూఢచారుల వలననే కలుగునని తోచుట సహజము. చెన్నపట్టణమున 18వ శతాబ్దాంతమున జరిగిన ద్రోహము మాత్రము లోపలివారు లోపలివానిపై పన్నినది. దానికి సూత్రధారి అవధానం పాపయ్య. ఇంటిపేరును, పేరును తెలుగువే. ఇది తెలుగువారు గర్వింపదగిన సంగతి కాదు, దాచదగినదియు కాదు.

రెండు భాషలు నేర్చినవాడు దుబాసీ. దొరకు దేశభాష రాదు, వర్తకునకు ఇంగ్లీషు రాదు. బేరము కుదుర్చుట, అప్పు తెచ్చుట, అర్జీ చదివి వినిపించుట, అన్నియు దుబాసీ పనులే. అతడు చెప్పినదే దొరకు నిజము, అతడు మ్రింగినది లేనట్లే. కాగితము చూచు అధికారికంటె కాగితమందించువాడు బలవంతుడగుట కార్యాలయముల నెరిగినవారికి వింత కాదు.

1789 ఫిబ్రవరిలో జాన్ హాలండు తాత్కాలిక గవర్నరయ్యెను. పాపయ్య ఆయన దుబాసీ. ఆ డిసెంబరు 29న టిప్పు సుల్తాను తిరువాన్కూరు కోటగోడలపై పడెను. మిత్రరాజ్యమునకు తోడ్పడుటలో హాలండు ప్రభుత్వము చూపిన జాగునకు గవర్నరు జనరలు కారన్‌వాలిసు మండిపడెను. 1790 ఫిబ్రవరిలో హాలండు పాలన ముగిసెను.

ఈ కాలముననే రెవిన్యూ బోర్డు సభ్యుడు డేవిడ్ హాలిబర్టనుపై కుట్ర సాగినది. ఆయన పారశీకము నేర్చినవాడు, దేశీయ పత్రములను స్వయముగా చదువుకొనగలవాడు. దుబాసీ అక్కరలేని దొర దుబాసీకి కంటిలో నలుసు గాక మరేమగును? కల్పిత నేరములు మోపబడెను. హాలిబర్టను బోర్డునుండి తొలగింపబడెను.

అయినను ఆయన ఊరకుండలేదు. 1792లో చెన్నపట్టణపు న్యాయస్థానమున కుట్ర నేరముపై విచారణ జరిగెను. పాపయ్య, అతని సోదరుడు రామస్వామి, శంకరపురం వెంకటాచలం శెట్టి, అప్పయ్యంగారు, ఈ నలుగురు ముద్దాయిలుగా నిలిచిరి. పాపయ్య దోషియని తీర్పు వచ్చెను. ఎవరి అధికారపు నీడలో అతడింతవాడయ్యెనో ఆ దొర మాత్రము ఆ బోనులో లేడు.

విచారణ వృత్తాంతము గ్రంథముగా అచ్చుపడినది. భారతదేశమును కన్నులారా చూడని సర్ వాల్టర్ స్కాటు 1827లో వెలువడిన తన 'సర్జన్స్ డాటర్' నవలలో పాపయ్యను పాత్రగా నిలిపెను. చెన్నపట్టణపు చూలై పేటలో ఒక వీథికి అతని పేరే మిగిలినది. అయితే జనుల నోట పాపయ్య 'పేపియర్' అయినాడు.