సర్కారు బడికి సామాన్లు ఎవరు కొంటారు? సొంతోళ్ల షాపులో కొంటే? రూల్స్ ఇవే..

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే స్టూడియోలు, స్టార్ల బంగ్లాలే గుర్తొస్తాయి. కానీ పక్క బస్తీల్లో చాలామంది పిల్లలు చదివేది సర్కారు బడుల్లోనే. ఆ బడి డబ్బు సరిగ్గా ఖర్చవుతోందా అని అడిగే హక్కు అమ్మానాన్నలకు ఉంది.

డబ్బు ఎంత?
సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏటా రూ.50 వేలు, 251 నుంచి 1,000 మంది ఉంటే రూ.75 వేల వరకు కాంపోజిట్ గ్రాంట్ ఇవ్వొచ్చు. ఇందులో కనీసం 10 శాతం శుభ్రతకే వాడాలి.

ఎవరు చూడాలి?
విద్యాహక్కు చట్టం-2009 సెక్షన్ 21 ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు. గ్రాంట్ ఖర్చుపై కన్నేసి ఉంచడం వీళ్ల బాధ్యత. తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్.

సొంతోళ్లకు ఆర్డర్ ఇస్తే?
కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే జీఎఫ్‌ఆర్-2017 రూల్ 175 ఏం చెబుతుందంటే.. కొనేవాళ్లకైనా, అమ్మేవాళ్లకైనా స్వప్రయోజనం ఉంటే బయటపెట్టాలి. బడి కమిటీకీ ఇదే మంచి పద్ధతి. కొటేషన్ బంధువుల షాపుదైతే ఆ సభ్యులు ముందే చెప్పి, నిర్ణయానికి దూరంగా ఉండాలి. ఆ మాట మినిట్స్‌లో రాయించాలి.

అనుమానం వస్తే?
కొటేషన్లు, బిల్లులు, మినిట్స్ కాపీలు ఆర్టీఐ కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. లంచం, కమీషన్ అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ నంబర్ 1064కి ఫోన్ చేయండి.