నాడీ కణం తన కొమ్మను తానే ఎలా గుర్తుపడుతుంది?

పదో తరగతి సైన్సులో ‘నియంత్రణ, సమన్వయం’ పాఠానికి ఒక అబ్బాయి రెండు నాడీ కణాల బొమ్మ వేసుకొచ్చాడు. ఒక కణం కొమ్మలు పక్క కణం కొమ్మల మీదుగా అడ్డంగా పోయాయి. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి, ‘కొమ్మలు ఒకదాన్నొకటి దాటకూడదు’ అని రాశాను. “ఎందుకు దాటకూడదు సార్?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చదివి చూస్తే తప్పు నాదేనని తెలిసింది. తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా పనికొస్తుందని ఆ విషయం ఇక్కడ రాస్తున్నాను.

డ్రిప్ పైపుల లెక్క

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీ కణాలు ఉన్నాయి. ఒక్కో కణానికి చెట్టులాగా కొమ్మలు ఉంటాయి. సమాచారం అందుకునే ఆ కొమ్మలే డెండ్రైట్లు. మన చిక్కబళ్ళాపుర ద్రాక్ష తోటలో డ్రిప్ పైపులు ఎట్లా పరుస్తాం? అన్నీ ఒకే సాలులో వేస్తే అక్కడ బురద, పక్క సాలు ఎండు. నాడీ కణం కూడా అంతే. దాని కొమ్మలన్నీ ఒకచోటే ముద్దగా చేరితే, మిగతా చోటి కబురు దానికి అందదు. అందుకే ఒకే కణం కొమ్మలు పెరిగేటప్పుడు ఒకదానికొకటి తగిలితే వెనక్కి తగ్గి వేరే దారి పడతాయి. దీన్ని ‘స్వీయ పరిహారం’ అనుకోవచ్చు. 1980లలో జలగ నాడీ కణాల్లో శాస్త్రజ్ఞులు దీన్ని గమనించి వివరించారు.

అయితే వేరే వేరే కణాల కొమ్మలు దాటుకోవచ్చు. ఒకే చోట చాలా కణాలు కలిసి పనిచేయాలి కాబట్టి అది అవసరం కూడా. మరి తగిలిన కొమ్మ తనదా, పరాయిదా అని కణానికి ఎట్లా తెలుస్తుంది? దానికి కళ్ళు లేవు కదా!

ఒక్క జన్యువు, 38,016 గుర్తులు

జవాబు పండ్ల మీద ముసిరే చిన్న ఈగలో దొరికింది. దానిలో ‘డీస్కామ్1’ అనే జన్యువు ఉంది. దాని నకలును కత్తిరించి అతికేటప్పుడు ఒక చోట 12 ముక్కల్లో ఒకటి, ఇంకో చోట 48లో ఒకటి, మరో చోట 33లో ఒకటి, చివరికి 2లో ఒకటి మిగులుతుంది. పిల్లలూ, గుణించి చూడండి: 12 × 48 × 33 × 2 = 38,016. ఇన్ని రకాల ప్రోటీన్లు ఒకే జన్యువు నుంచి రావచ్చని 2000లో ప్రకటించారు.

ఒక్కో కణం వీటిలో కొన్నింటిని మాత్రమే, లాటరీ తీసినట్టు, తయారు చేసుకుంటుంది. ఆ కణం కొమ్మలన్నిటి మీదా అవే గుర్తులు. సరిగ్గా ఒకే రకం గుర్తులు తగిలితే అతుక్కుంటాయి. ఆ అతుకే కణం లోపలికి ‘ఇది నీదే, వెనక్కి రా’ అనే సంకేతం పంపుతుంది. పక్క కణం గుర్తులు వేరు కాబట్టి అతుకూ లేదు, సంకేతమూ లేదు; కొమ్మ దాటిపోతుంది.

దీనికి రుజువు 2007లో వచ్చింది. ఈ జన్యువు తీసేస్తే ఈగ కణం సొంత కొమ్మలే చిక్కుపడ్డాయి. రెండు వేరే కణాలకు బలవంతంగా ఒకే గుర్తు ఇస్తే, మామూలుగా దాటుకునే వాటి కొమ్మలు దూరంగా జరిగాయి.

ఎలుకలాంటి వెన్నెముక జీవుల్లో ఈ పని ఎక్కువగా ‘ప్రోటోకాడ్‌హెరిన్’ అనే ప్రోటీన్లది. ఎలుక కంటిలో, కదలిక ఏ దిక్కుకో కనిపెట్టే కణాల్లో, వీటిలో 22 రకాలు తీసేస్తే కణాల కొమ్మలు చిక్కుపడ్డాయని 2012లో తేలింది.

ఈగల నాడీ మండలం ఎట్లా పెరుగుతుందో మన దగ్గర్లోనే పరిశోధిస్తున్నారు. బాగేపల్లి నుంచి బెంగళూరు పోయే దారిలో హెబ్బాళకు ముందు వచ్చే జి.కె.వి.కె. ఆవరణలో ఎన్.సి.బి.ఎస్. సంస్థ ఉంది. దాన్ని మొదలుపెట్టిన ఒబైద్ సిద్దిఖీ గారు కూడా ఈగల మీద పనిచేసినవారే.

తల్లిదండ్రులకు ఒక మాట

డీస్కామ్ పేరులో ‘డౌన్ సిండ్రోమ్’ అనే మాట ఉంది. మనిషిలో ఈ జన్యువు 21వ క్రోమోజోము మీద దొరికింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సాధారణంగా ఆ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. అంతమాత్రాన ఈ ఒక్క జన్యువే ఆ స్థితికి కారణం అనుకోకండి. ‘మీ పిల్లవాడికి నరాలు చిక్కుపడ్డాయి, ఈ టానిక్ తాగిస్తే విడిపోతాయి’ అని ఎవరైనా అంటే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. పిల్లవాడు చదువులో వెనకబడితే ముందు కన్ను, చెవి చూపించండి, డాక్టరును అడగండి, బడికి వచ్చి మాతో మాట్లాడండి.

పిల్లలకు

బొమ్మ వేసేటప్పుడు ఒకే కణం కొమ్మలు ఒకదాన్నొకటి దాటకుండా వేయండి. పక్క కణం కొమ్మలు దాటితే తప్పు కాదు. ఆ అబ్బాయి నోటుపుస్తకంలో నా ఎర్ర గీత కొట్టేసి, మార్కు తిరిగి ఇచ్చాను. ‘ఎందుకు సార్?’ అని అడగడం మానుకోవద్దు.