హెల్మెట్ వెనుక ముఖం

2001 నవంబరు 15న ఎక్స్‌బాక్స్‌తో పాటే విడుదలైన ‘హేలో’ వీడియో గేములో కథానాయకుడు మాస్టర్ చీఫ్ అనే సైనికుడు. ఆకుపచ్చ కవచం, బంగారు రంగు అద్దమున్న హెల్మెట్, తక్కువ మాటలు: ఆటలో అతని గురించి తెలిసేది దాదాపు ఇంతే. చివరి దృశ్యంలో అతను హెల్మెట్ తీస్తాడు, ముఖం కనబడేలోగా కెమెరా పైకి జరిగిపోతుంది. అభిమానుల ఊహాగానాలకు ఆ క్షణం చాలింది.

నిజానికి సగం జవాబు ఆటకన్నా కొద్ది రోజుల ముందే అచ్చయింది. ఎరిక్ నైలండ్ రాసిన ‘ద ఫాల్ ఆఫ్ రీచ్’ నవలలో అతని పేరు జాన్, సంఖ్య 117. పిల్లలను సైనికులుగా మలిచే శాస్త్రవేత్త డాక్టర్ హాల్సీ ఆరేళ్ల జాన్‌ను పరీక్షించడానికి నాణెం ఎగరేస్తుంది. వాడు దాన్ని గాల్లోనే పట్టుకుని ఏ వైపు పడిందో సరిగ్గా చెబుతాడు. తర్వాత పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, ఇంట్లో క్లోన్‌ను ఉంచుతారు. ఈ క్రూరత్వమే ఆ పాత్రకు లోతు తెచ్చింది.

2010లో వచ్చిన ‘హేలో: రీచ్’లో కథానాయకుడైన సైనికుడు నోబుల్ సిక్స్ ముఖమూ కనబడదు. అతనూ మాస్టర్ చీఫూ ఒకరేనా అన్న అనుమానం నిలవదు: సిక్స్ రీచ్ గ్రహం మీదే మరణిస్తాడు. పైగా ముగింపులో కెమెరాను పక్కకు తిప్పినవారికి ఓడలో శీతల నిద్రలో ఉన్న మాస్టర్ చీఫ్ కనిపిస్తాడు.

2012 నాటి ‘హేలో 4’ను అత్యంత కఠిన స్థాయిలో పూర్తి చేసినవారికి మాస్టర్ చీఫ్ కళ్లు మాత్రం కనిపించాయి. 2022 ‘హేలో’ టీవీ సీరియల్ మొదటి భాగంలోనే ఆ పాత్ర వేసిన నటుడు పాబ్లో ష్రైబర్ ముఖం చూపింది. చాలామంది అభిమానులు దీన్ని ఒప్పుకోలేదు.