ఏఐ ఏజెంట్ల సమన్వయం, అదుపు: చరిత్ర

ఏఐ ఏజెంటు అంటే, అప్పగించిన పనిని తానే మెట్లుగా విడగొట్టుకుని, సంస్థలోని డేటాబేసులు, ఈమెయిళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి వాడుకుంటూ పూర్తిచేసే ప్రోగ్రాం. ఇలాంటివి కొన్ని కలిసి పనిచేసేచోట రెండు బాధ్యతలుంటాయి. ఎవరి తర్వాత ఎవరు కదలాలో చూడటం సమన్వయం. ఎవరు ఎంతవరకు కదలవచ్చో తేల్చడం అదుపు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే ఈ రంగంలో ఇప్పటికీ తీరని లోపం. మొదటిది బాగా ఉంటే రెండోది దానంతటదే కుదురుతుందన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం కనిపించదు.

సమన్వయం కథలో ఒక తెలుగువాడిది ముందు వరస. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి 1970లలో హియర్‌సే-2 అనే వ్యవస్థను రూపొందించారు. మనిషి మాటను గుర్తుపట్టడం దాని పని, పదజాలం సుమారు వెయ్యి మాటలు. ధ్వనులు తెలిసిన భాగం ఒకటి, మాటలు తెలిసినది ఒకటి, వాక్యనిర్మాణం తెలిసినది ఇంకొకటి. ఇవి ఒకదాన్నొకటి పిలవవు. తమ ఊహలను ఉమ్మడి బోర్డు మీద రాస్తాయి, ఇతరులు రాసినవి చదువుకుంటాయి. వాటిలో దేనికి ముందు అవకాశమివ్వాలో ఒక షెడ్యూలరు నిర్ణయిస్తుంది. నేటి ఏజెంట్ల అమరికలో ఈ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత 1980లో రీడ్ స్మిత్ ప్రతిపాదించిన కాంట్రాక్ట్ నెట్, 1993లో ఏర్పడిన వర్క్‌ఫ్లో మేనేజ్‌మెంట్ కొయలిషన్ పనుల పంపకానికి నియమాలు తెచ్చాయి. అయితే హియర్‌సేలో తప్పు ఊహ వచ్చినా బోర్డు మీదే ఆగిపోయేది. దానివల్ల బయట ఎవరికీ నష్టం లేదు కాబట్టి అదుపు ప్రశ్నే తలెత్తలేదు.

తప్పు జరిగితే ప్రాణాలు పోయే చోట ఆ ప్రశ్న ముందే వచ్చింది. 2018 సెప్టెంబరు 24న హైదరాబాద్‌లో మొదలైన అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గమే దానికి దగ్గరి ఉదాహరణ. చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చే రైలులో వేగం పెంచడం, బ్రేకు వేయడం, ప్లాట్‌ఫారం దగ్గర ఆపడం కంప్యూటరు చూసుకుంటుంది. ఆపరేటరు ప్రధానంగా తలుపులు, బయలుదేరడం, అత్యవసర పరిస్థితులు చూస్తారు. ఉప్పల్ కంట్రోల్ రూము నుంచి రైళ్ల వరసను నడిపించే భాగం ఒకటి, రైలును నడిపేది ఒకటి, రక్షణ చూసేది మరొకటి. ముందున్న రైలు ఎక్కడుందో రేడియో ద్వారా ఎప్పటికప్పుడు లెక్కగట్టి, వెనక రైలు ఎంతదూరం రావచ్చో రక్షణ భాగం హద్దు గీస్తుంది. నడిపే భాగం ఎంత పొరపడినా, హద్దు దాటబోతే రక్షణ భాగం బ్రేకు వేసేస్తుంది. హద్దు మార్చే అధికారం నడిపే భాగానికి లేదు.

దస్త్రాల ప్రపంచంలో ఆ గీత లేకపోతే ఏమవుతుందో ఇదే రాష్ట్రం చూసింది. పలు ప్రభుత్వ శాఖల రికార్డులను కలిపి రేషన్ లాంటి పథకాలకు అర్హులెవరో తేల్చడానికి తెలంగాణ వాడిన సమగ్ర వేదిక ఏఐ ఏజెంటు కాదు, పేర్లు సరిపోల్చే సాఫ్ట్‌వేర్. తెలుగువారి పేరు ఒక రికార్డులో ఇంటిపేరుతో మొదలవుతుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరంతో ముగుస్తుంది. కారు ఉన్నందుకు అనర్హుడైన వ్యక్తి, కారు లేని వ్యక్తి కంప్యూటరుకు ఒకరే అనిపించడానికి అది చాలు. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జులై నాటికి పరిశీలించిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవని తేలాయి. ఎక్కువ రద్దులు సరైనవేనని ఈ అంకెలతో వాదించవచ్చు. కానీ బియ్యం ఆగిన ఇంటికి సగటుతో పనిలేదు. విచారణ రద్దుకు ముందే జరిగి ఉంటే ఆ 15 వేల కుటుంబాలకు కోర్టు ఆదేశం దాకా ఆగాల్సిన అవసరం ఉండేది కాదు.

2022 తర్వాత, చాట్‌బాట్‌లకు మూలమైన భాషా నమూనాలే ఏజెంట్లయ్యాయి. 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, 2025 ఏప్రిల్‌లో ఏజెంట్ టు ఏజెంట్ ప్రోటోకాల్ వచ్చి, అవి పరికరాలతోనూ తమలో తామూ మాట్లాడుకునే దారి వేశాయి. ప్రధానంగా ఇదీ సమన్వయమే. మెట్రో పోలికకు ఒక అభ్యంతరం ఉంది: రైలుకు పట్టాలున్నాయి, ఆఫీసు పనికి లేవు, భాషా నమూనా రేపు ఏం చేస్తుందో చెప్పలేం. నిజమే. కానీ హద్దు గీయడానికి ఏజెంటు ఆలోచనను ముందే ఊహించనక్కర్లేదు. చదివే అనుమతి, రాసే అనుమతి వేరుచేయవచ్చు. చెల్లింపుకు గరిష్ఠ మొత్తం పెట్టవచ్చు. ఈ తనిఖీ ఏజెంటు చేతికందని వేరే ప్రోగ్రాంలో ఉండాలి. హద్దును ఏజెంటుకిచ్చే సూచనల్లోనే రాసి సరిపెట్టడం చాలదు, ఎవరో పంపిన ఈమెయిల్లోని ఒక వాక్యం ఆ సూచనలను పక్కదారి పట్టించగలదు.

ప్రతి మెట్టుకూ మనిషి సంతకం పెడితే ఆటోమేషన్ దేనికన్నది మరో అభ్యంతరం. రోజుకు వందల అనుమతులిచ్చే ఉద్యోగి చదవకుండానే నొక్కేస్తాడు కాబట్టి ఇందులో బలముంది. మెట్రో ఆపరేటరు కూడా ప్రతి బ్రేకుకూ అనుమతి ఇవ్వరు. వెనక్కి తీసుకోగల పనిని యంత్రానికి వదిలి, కార్డు రద్దు, డేటా తుడిచివేత లాంటి వాటి దగ్గరే మనిషిని నిలబెట్టాలి. ఆ మనిషికి కారణం చూపాలి, కాదనే అధికారమివ్వాలి. యంత్రానికి వదిలిన పనిలోనూ బాధ్యత సంస్థదే. చాట్‌బాట్ ఇచ్చిన తప్పుడు సమాచారానికి ఎయిర్ కెనడాయే బాధ్యురాలని 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ తేల్చింది. తన మాటలకు చాట్‌బాటే బాధ్యత వహించాలన్న వాదనను అది ఒప్పుకోలేదు.